నిప్పు పుట్టుక, మట్టి పుట్టుక

జవహర్‌నగర్‌లో గాలి ఎటు తిరిగిందో చెప్పటానికి ఆకాశం చూడక్కర్లేదు. డంపింగ్ యార్డు వైపు నుంచి మళ్లిందంటే మా గల్లీలో కిటికీలు మూసే చప్పుడు వరసగా వినిపిస్తుంది. అట్లా కిటికీలు మూసుకున్న ఒక సాయంత్రం దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న ఒక కుర్రాడు మిల్టన్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. వాళ్లమ్మ చాలా ఏళ్లు చెత్త ఏరింది. ఇప్పుడు ఒక కబాడీ దుకాణంలో ప్లాస్టిక్ వేరుచేసే పనిలో ఉంది. 'పారడైజ్ లాస్ట్' మొదటి రెండు పర్వాలు అతని సిలబస్‌లో ఉన్నాయి. చదివాడు, బాగానే అర్థమైంది. అర్థం కావటంతోనే చిక్కొచ్చింది. "సార్, ఉనే గలత్ క్యా బోలా?" అని అడిగాడు. సైతాన్ మాట్లాడిందాంట్లో తప్పేముందని.

అతని వయసులో నేనూ అదే అడిగాను. ఆ కావ్యం మొదటి పర్వం చదివిన ప్రతివాడూ అడుగుతాడు. ఓడిపోయి, మంటల మడుగులో పడి, ఒళ్లంతా గాయాలతో లేచి నిలబడి తన సైన్యాన్ని లేపే ఆ మాటలు అట్లాంటివి. ఇంగ్లీషువాళ్లకే ఆ మైకం తప్పలేదు. బ్లేక్ అనే కవి 1790లలోనే, మిల్టన్ తనకు తెలియకుండానే సైతాన్ పక్షాన ఉన్నాడని తేల్చేశాడు. ఆ తర్వాత వచ్చిన షెల్లీ వంటివాళ్లూ దేవుడికన్నా సైతానే మెరుగన్నారు. మన తెలుగు క్లాసురూముల్లోకి కూడా సైతాన్ తిరుగుబాటుదారుగానే వచ్చాడు. అందుకు మన నేల ముందే దున్ని ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుకవధ' రాసిన నాటి నుంచీ, పురాణం ఎవరిని చంపిందో వాళ్ల వైపు నిలబడి చదవటం మన సాహిత్యంలో ఒక గౌరవమైన అలవాటు. బలి వైపు, రావణుడి వైపు, ఏకలవ్యుడి వైపు నిలబడ్డవాళ్లం. దళితవాదం వచ్చాక ఆ చదువు ఇంకా పదునెక్కింది. ఆ అలవాటును నేను తప్పుపట్టను. నేను చదవటం నేర్చుకుంది అక్కడే. అయితే అదే వరసలో సైతాన్‌ను కూడా నిలబెట్టినప్పుడే నాకు తేడా కొట్టింది. శంబూకుణ్ణి చంపించిన వాదం ఏదో, ఇబ్లీస్ చేసిన వాదం ఏదో పక్కపక్కన పెట్టి చూసుకోకుండా ఇద్దరినీ ధిక్కారం అనే ఒకే సంచిలో వేశాం.

ముస్లిం ఇంట్లో పుట్టినవాడికి మిల్టన్ పుస్తకం తెరిచేనాటికే ఈ కథ తెలిసి ఉంటుంది. నానీమా ఒళ్లోనో, మస్జిద్‌లో జుమ్మా బయాన్‌లోనో విని ఉంటాడు. అల్లాహ్ మట్టితో ఆదమ్‌ను చేశాడు. ఫరిష్తాలందరినీ ఆదమ్ ముందు సజ్దా చేయమన్నాడు. అందరూ తలవంచారు, ఇబ్లీస్ వంచలేదు. ఎందుకని అడిగితే అతని దగ్గర ఒక జవాబుంది. తన పుట్టుక నిప్పు నుంచి, ఆదమ్ పుట్టుక మట్టి నుంచి, కనుక తాను ఆదమ్ కన్నా ఎక్కువ అన్నాడు. ఖురాన్‌లో బఖరా, ఆరాఫ్, హిజ్ర్, బనీ ఇస్రాయీల్, కహఫ్, తాహా, సాద్ సూరాల్లో ఈ ఘట్టం మళ్లీ మళ్లీ వస్తుంది. అన్నిచోట్లా జవాబు పూర్తిగా ఉండదు గానీ, ఉన్నచోటల్లా అది పుట్టుక గురించే. ఆదమ్ చదువెంతని గానీ, ఏం చేశాడని గానీ ఇబ్లీస్ అడగలేదు. అతను ఏ పదార్థంతో పుట్టాడన్నదొక్కటే చూశాడు. పైగా ఆదమ్‌కు అప్పటికే పేర్లు నేర్పించి ఉన్నాడని బఖరా సూరా చెబుతుంది. ఫరిష్తాలకు తెలియనివి ఆదమ్‌కు తెలుసు. ఆ తెలివిని కళ్లారా చూశాక కూడా ఇబ్లీస్‌కు మట్టే కనిపించింది.

ఈ వాదాన్ని మనం ఎక్కడ విన్నాం? ఎక్కడ వినలేదని అడగటం తేలిక. చాతుర్వర్ణ్యం మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. ముఖం నుంచి పుట్టినవాడు, పాదాల నుంచి పుట్టినవాడు అన్న లెక్కకీ, నిప్పు నుంచి పుట్టినవాడు, మట్టి నుంచి పుట్టినవాడు అన్న లెక్కకీ తేడా ఏమిటి? సృష్టిలో మొట్టమొదటి పాపం కులగర్వం. పండు తినటం ఆ తర్వాతి సంగతి. మన మౌల్వీసాబులు దీన్ని 'తకబ్బుర్' అంటారు, గర్వం. ఆ మాట సరైందే గానీ చాలదు. గర్వాల్లో చాలా రకాలున్నాయి. చదువుకున్నానన్న గర్వం ఉంది, కష్టపడి సంపాదించానన్న గర్వం ఉంది. ఇబ్లీస్‌ది పుట్టుక గర్వం. అది ఎదుటివాడు ఏం చేసినా పోదు, ఎందుకంటే అతను చేసినదానితో దానికి పనిలేదు.

మిల్టన్ ఈ మలుపు తీసుకోలేదు. ఆయన సైతాన్ అలగటానికి కారణం ఆదమ్ కాదు. అయిదో పర్వంలో దేవుడు తన కుమారుణ్ణి అందరి పైన అధిపతిగా ప్రకటిస్తాడు, అది సైతాన్‌కు కంటగింపవుతుంది. అంటే అది దర్బారు గొడవ. పై కుర్చీ ఎవరిదన్న పంచాయితీ. ఆదమ్ అప్పటికి పుట్టనేలేదు. అందుకే మిల్టన్ సైతాన్‌లో రాజకీయ తిరుగుబాటు ఛాయలు అంత బలంగా పడ్డాయి. పాఠకుడు మోసపోవటానికి వీలుంది, మోసపోతాడు కూడా. ఖురాన్ ఇబ్లీస్ పైవాడి మీద తిరగబడలేదు, కింద ఉన్నాడనుకున్నవాడిని చూసి ముఖం చిట్లించాడు. ఈ రెండింటినీ ధిక్కారమనే ఒక్క పేరుతో పిలవటం కుదరదు. పెత్తనాన్ని ఎదిరించటం ఒకటి, కిందివాడి పక్కన నిలబడనని మొరాయించటం ఒకటి. రిజర్వేషన్లొచ్చిన ప్రతిసారీ రోడ్డుమీద చీపుర్లు పట్టుకుని ఊడ్చి నిరసన తెలిపినవాళ్లు కూడా తమను తిరుగుబాటుదారులమనే అనుకున్నారు.

మిల్టన్‌లోనూ పాఠకుడు కళ్లు తెరుచుకునే చోటు ఒకటుంది. సిలబస్ అక్కడిదాకా రాదు. నాలుగో పర్వం మొదట్లో సైతాన్ ఒంటరిగా ఒక కొండ మీద నిలబడి సూర్యుడితో మాట్లాడతాడు. చుట్టూ సైన్యం లేదు, ప్రసంగం చేయనక్కర్లేదు. అప్పుడు నిజం చెబుతాడు. దేవుడు తనకు చేసిన అన్యాయం ఏమీ లేదంటాడు. తిరిగిపోతే క్షమాపణ దొరకదా అని తనలో తనే తర్కించుకుంటాడు. కానీ అందుకు లొంగుబాటు అనే ఒక్క మాట ఒప్పుకోవాలి, తను రెచ్చగొట్టి తెచ్చిన కిందివాళ్ల ముందు సిగ్గుపడాలి. ఆ సిగ్గుతో ఆగిపోతాడు. 'ఇస్లాం' అన్న మాటకు అర్థం సమర్పించుకోవటమని తెలిసిన పాఠకుడు అక్కడ కాసేపు ఆగాలి. నాయకుల గురించి కూడా ఆగాలి. తన జనానికి చెప్పిన అబద్ధం నుంచి వెనక్కి రాలేక, ఆ జనాన్నే ఇంకా లోతుకు తీసుకెళ్లే నాయకుణ్ణి మిల్టన్ 1667లోనే రాసిపెట్టాడు. అట్లాంటి నాయకులు అన్ని మతాల్లోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు.

ఇక్కడ మన తెలుగు కవిత్వం దగ్గరికి రావాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు చాలామంది దాన్ని ఒక మతస్థుడి ఆక్రోశంగా చదివారు. ఆ శీర్షిక ఒక్కటి చాలు, ఆ చదువు తప్పని చెప్పటానికి. పుట్టుమచ్చను ఎవరూ సంపాదించుకోరు, కడిగితే పోదు. చరిత్రలో ఎవరో చేశారన్న నేరం నీ ఒంటిమీద పుట్టుకతో అచ్చుపడి ఉంటే, నువ్వేం చేశావన్న ప్రశ్నే పుట్టదు. ఇది ఇబ్లీస్ ఆదమ్‌ను చూసిన చూపు. ఆ చూపు తన మీద పడినప్పుడు మనిషికి ఎట్లా ఉంటుందో తెలుగులో మట్టి వైపు నుంచి అంత సూటిగా చెప్పిన ముస్లిం గొంతు అది. అంతకు యాభై ఏళ్ల ముందు, 1941లో, జాషువా 'గబ్బిలం' రాశాడు. గుడిలో వేలాడే గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేకపోవటం దాని మూల విషయం. ఆ రెండు కావ్యాలనూ విమర్శకులు వేర్వేరు అరల్లో పెట్టారు, ఒకటి దళిత అర, ఒకటి ముస్లిం అర. ఇబ్లీస్ కథను పక్కన పెట్టి చదివితే రెండూ ఒకే చూపును ఎదుర్కొన్న రెండు జవాబులు.

నా సంగతి ఒకటి చెప్పాలి. జవహర్‌నగర్‌కు రాకముందు నగరంలో అద్దెగది కోసం తిరిగాను. ఒక ఇంటాయన గది చూపించి, అడ్వాన్సు మాట్లాడి, పేరడిగాక తన చుట్టాలెవరో రాబోతున్నారని గుర్తు తెచ్చుకున్నాడు. ఇది కొత్త సంగతేం కాదు, ముస్లిం పాఠకుల్లో సగం మంది దగ్గర ఇట్లాంటి కథే ఉంటుంది. ఆ తర్వాత జరిగింది చెబుతాను. ఇక్కడికొచ్చి స్థిరపడ్డాక మా కుర్రాడు ఒక కంపెనీకి ఉద్యోగానికి వెళ్లాడు. అడ్రసు చదివిన మనిషి ముక్కు కాస్త ఎగరేసి, "డంప్ యార్డా?" అన్నాడట. ఆ ముక్కు ఎగరేసినతను మా మతస్థుడే. ఆ సంగతి చెప్పటానికి కుర్రాడికి రెండు రోజులు పట్టింది. వాడికి బాధ కలిగించింది ఉద్యోగం రాకపోవటం కాదు.

కాబట్టి ఇంటి లోపలి మాట మాట్లాడకుండా ఈ వ్యాసం ముందుకు పోదు. ఇస్లాంలో కులం లేదని మనం సభల్లో చెబుతాం. అది ఖురాన్‌లో లేదు, నిజం. ప్రవక్త తన చివరి హజ్ ఉపన్యాసంలో అరబ్బుకు అరబ్బేతరుడి మీద ఆధిక్యత లేదన్నది మన పిల్లలు కూడా చెప్పగలరు. కానీ నిఖా సంబంధం దగ్గరికి వచ్చేసరికి సయ్యద్ సయ్యద్ అవుతాడు, పఠాన్ పఠాన్ అవుతాడు, దూదేకుల దూదేకులే అవుతాడు. మెహతర్‌తో కలిసి ఒకే సఫ్‌లో నమాజుకు నిలబడతారు, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవటానికి మాత్రం పని గుర్తొస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. అందులోని పేర్లు చదివితే చాలామటుకు పనుల పేర్లు: అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, హజ్జాంలు, ఖసాబులు, గారడీవాళ్లు. మినహాయించిన పేర్లు కూడా అందులోనే ఉన్నాయి: సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్. మన సాహిత్యం చెప్పటానికి మొహమాటపడ్డదాన్ని సర్కారు కాగితం చెప్పేసింది. ఏది మట్టి, ఏది నిప్పు అన్న జాబితా అది. దాన్ని తయారు చేసింది సర్కారే అయినా, ఆ విభజన మనం కాపురం చేస్తున్నదే.

ఇక్బాల్ పేరు ఎత్తకుండా ఇబ్లీస్ గురించి రాయటం మనవాళ్లకు అలవాటు లేదు. నేనూ ఎత్తుతాను గానీ కొంచెం పేచీతో. మిల్టన్ తర్వాత సైతాన్ మీద అంతగా మనసు పెట్టిన పెద్దకవి ఇక్బాలే. 1923 నాటి 'పయామె మష్రిఖ్'లో ఆదమ్ పుట్టుక, ఇబ్లీస్ నిరాకరణ, ఆదమ్ స్వర్గం విడిచి బయటికి రావటం మీద వరసగా కవితలున్నాయి. 'బాలె జిబ్రీల్'లో జిబ్రీల్‌కూ ఇబ్లీస్‌కూ సంభాషణ పెట్టాడు, తన పోటు లేకపోతే ఆదమ్ కథకు రంగే లేదన్నట్టు ఇబ్లీస్ అందులో మాట్లాడతాడు. 1936లో ఇబ్లీస్ సలహామండలిని రాశాడు. మిల్టన్ రెండో పర్వంలో నరకంలో జరిగే సభను తలపించేట్టు ఉంటుంది. అక్కడ ముందే తీర్మానమై ఉన్నదాన్ని చర్చ పేరుతో ఆమోదింపజేస్తారు. మన కమిటీల్లో కూర్చున్నవాళ్లకు ఆ సభ కొత్తగా అనిపించదు.

ఇక్బాల్ వచనంలో ఇంకా విలువైన మాట ఉంది. 1929 జనవరిలో ఆయన మద్రాసుకూ, అక్కడి నుంచి మైసూరు మీదుగా హైదరాబాదుకూ వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఉపన్యాసమాల తర్వాత పుస్తకమైంది. అందులో ఆదమ్ పతనం గురించి ఒక వివరణ ఉంది. ఖురాన్‌లో ఆ కథ మనిషి నైతికంగా దిగజారిన కథ కాదంటాడు. తన ఇష్టంతో ఎంచుకోవటం మొదలుపెట్టిన క్షణమది అంటాడు. మొదటి తప్పే మొదటి స్వేచ్ఛ, అందుకే ఆ తప్పు క్షమించబడిందంటాడు. ఆది పాపం తరతరాలకూ సంక్రమిస్తుందన్న క్రైస్తవ భావన మిల్టన్ వెనక ఉంది. మనకు ఆ బరువు లేదు. తండ్రి తప్పు బిడ్డకు రాదు. ఇది చిన్న తేడా కాదు. పుట్టుకతో ఆధిక్యత లేదన్నవాడే పుట్టుకతో పాపమూ లేదనగలడు.

అయితే పేచీ ఇక్కడుంది. ఇబ్లీస్‌ను ఇంత లోతుగా తెలుసుకున్న ఆ కవి, తన పూర్వీకులు కాశ్మీరీ బ్రాహ్మణులన్న సంగతిని తన కవిత్వంలో మురిపెంగానే గుర్తు చేసుకున్నాడు. పెద్దవాళ్లలో కూడా నిప్పు ఎంత లోపలిదాకా ఉంటుందో చెప్పటానికి ఇంతకన్నా సాక్ష్యం వెతకను. ఇబ్లీస్‌ను అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తలవంచని మహా ప్రేమికుడిగా చూసిన సూఫీలు కూడా ఉన్నారు. మన్సూర్ హల్లాజ్ రచనలో ఆ ఆలోచన ఉంది. అది అందమైన ఊహ, కాదనను. కానీ మెహతర్ ఇంటి గడప ముందు నిలబడి ఆలోచిస్తే ఆ అందం నిలవదు. పైవాడి మీద ప్రేమ పేరుతో పక్కవాడికి తలవంచనన్నది ఎంత ప్రేమైనా నాకు అనుమానమే.

తలవంచటం ఎట్లా ఉంటుందో చూపించే కథ మన సంప్రదాయంలోనే ఉంది. అబూజర్ ఒకసారి కోపంలో బిలాల్‌ను నల్లదాని కొడుకా అన్నాడట. నీలో ఇంకా జాహిలియత్ ఉందని ప్రవక్త అబూజర్‌ను మందలించాడు. అబూజర్ వెళ్లి నేలమీద చెంప ఆనించి, బిలాల్ తన పాదం దాని మీద పెడితే గానీ లేవనన్నాడని చెబుతారు. ఈ కథను మనం ఇస్లాం సమానత్వానికి ఉదాహరణగా ఇతరులకు వినిపిస్తాం. అది మనకు మనం వినిపించుకోవలసింది. బిలాల్‌ను ఆ మాటన్నది పరాయివాడు కాదు, సహాబీ.

ఇట్లా రాస్తే వెంటనే వచ్చే మాట నాకు తెలుసు. బయట శత్రువు కత్తి నూరుతుంటే ఇంట్లో గొడవ పెడతావా అంటారు. 1992 తర్వాత ఈ మాట ఇంకా గట్టిగా వినబడింది, ఇప్పటికీ వినబడుతోంది. అడిగేవాళ్ల భయం అబద్ధం కాదు. వాళ్లకు మిల్టన్‌లోని ఒక చిన్న పాత్రను చూపిస్తాను. సైతాన్ తన వాళ్లందరినీ పోగేసి తిరుగుబాటుకు సిద్ధం చేస్తున్నప్పుడు ఆ గుంపులోంచి ఒక్క దేవదూత లేచి ఇది తప్పంటాడు. లెక్కలేనంతమంది ఎగతాళి మధ్య నుంచి ఒక్కడే నడిచి బయటికి పోతాడు. అయిదో పర్వం అతని నడకతోనే ముగుస్తుంది. అతని పేరు అబ్దియేల్. హీబ్రూలో దేవుడి దాసుడు. మన భాషలో అబ్దుల్లా. ఇంగ్లీషు మహాకావ్యంలో నేను నా సొంతంగా తీసుకునే పాత్ర ఏదైనా ఉంటే సైతాన్ కాదు, ఈ అబ్దుల్లా. మైనారిటీలో మైనారిటీ. 1998లో 'జల్‌జలా' కవులు బయటి ద్వేషాన్ని నిలదీసినప్పుడు మనవాళ్లు చప్పట్లు కొట్టారు. ముస్లిం స్త్రీలూ, దూదేకుల రచయితలూ ఇంటి లోపలి సంగతి ఎత్తినప్పుడు ఆ చప్పట్లు పలచబడ్డాయి. జల్‌జలా అంటే భూకంపం. ఖురాన్‌లో ఆ పేరుతో ఉన్న సూరాలో భూమి తన కబుర్లు తనే చెబుతుందని ఉంది. కదిలేది మట్టి, మాట్లాడేదీ మట్టి.

ఇక పోగొట్టుకున్న స్వర్గం సంగతి. 'పారడైజ్' మాటకు మూలం పాత ఇరానీ భాష. చుట్టూ గోడ కట్టిన చోటు అని అర్థం, గోడకు వాడిన మాట వెనక మట్టిని పిసికి కట్టటం అన్న ధాతువుంది. అరబ్బీ 'ఫిర్దౌస్' కూడా అక్కడి నుంచి వచ్చిందే. స్వర్గమంటే మొదట మట్టిగోడ. గోడ ఉందంటే బయట ఎవరో ఉన్నారని. జాషువా 1932లో 'పిరదౌసి' రాసినప్పుడు స్వర్గం పేరున్న కవికి సుల్తాను కూలి ఎగ్గొట్టిన కథ ఎంచుకున్నాడు. ముస్లిం రాజుకూ ముస్లిం కవికీ మధ్య జాషువా ఎవరి వైపు నిలబడ్డాడో మన హైదరాబాదీ పాఠకులు గుర్తుంచుకోవాలి. మిల్టన్‌కు కూడా ఆ మహాకావ్యానికి ముందు ముట్టింది 5 పౌండ్లు, మొదటి ముద్రణ అమ్ముడయ్యాక ఇంకో 5.

హైదరాబాదు ముస్లింకు పోగొట్టుకున్న జన్నత్ ఒకటుంది. నిజాం జమానా. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు దాని గురించి చెబుతుంటే దివానీ అత్తరు వాసన వచ్చేది. 1948 సెప్టెంబరులో అది కూలింది. కూలటంతో పాటు జరిగిన హత్యల్ని చిన్నది చేయటానికి ఎవరికీ హక్కు లేదు. సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందకుండా ఉండిపోయింది. ఆ దుఃఖం నిజం. కానీ ఆ జన్నత్ ఎవరిదన్న ప్రశ్న కూడా నిజమే. దేశ్‌ముఖ్ గడీలో వెట్టి చేసినవాడికి కాదు. దూది ఏకినవాడికి కాదు, పాయఖానాలు ఎత్తిన మెహతర్‌కు కాదు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది గోడ బయటివాళ్లే, గోడ లోపలి వైభవానికి జరిమానా కట్టినవాళ్లు. ఈ సంగతి ఒప్పుకోకుండా మనం రాసే విషాదకావ్యాలు సైతాన్ మొదటి ప్రసంగంలాగే ఉంటాయి. గొంతు గంభీరంగా ఉంటుంది, లెక్క తప్పుతుంది.

మిల్టన్ ఈ విషయంలో పనికొచ్చే మనిషి. ఆయన కూడా ఓడినవాడే. రాజును గద్దె దించిన పక్షంలో కొలువు చేశాడు. 1652 నాటికి చూపు పోయింది. 1660లో రాజరికం తిరిగొచ్చాక దాక్కున్నాడు, పుస్తకాలు తగలబెట్టారు, కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత గుడ్డితనంలో ఎవరో రాసిపెడుతుంటే చెబుతూ ఈ కావ్యం పూర్తి చేశాడు. గెలిచిన రాజును తిడుతూ ఒక పద్యం చెప్పుకుంటే సరిపోయేది. అట్లా చేయక, మనిషి తన చేతులారా ఎట్లా పోగొట్టుకుంటాడన్న ప్రశ్న పట్టుకున్నాడు.

ఖురాన్‌లో కూడా తేడా ఇక్కడే. ఇబ్లీస్ తన తప్పును అల్లాహ్ మీదికే తోశాడు, తనను దారి తప్పించింది నువ్వేనన్నట్టు. ఆదమ్, హవ్వా ఇద్దరూ కలిసి తమకు తామే అన్యాయం చేసుకున్నామన్నారు. ఇద్దరూ కలిసి. ఈ మాట మగవాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. మిల్టన్ హవ్వాను ముందు బోల్తా కొట్టించాడు, భర్త ద్వారానే ఆమెకు దేవుడన్నాడు. ఖురాన్ తాహా సూరాలో షైతాన్ గుసగుసలాడింది ఆదమ్‌తోనే. మరి పక్కటెముక, పాము, నెమలి, ఆడదాని వల్లే జన్నత్ పోయిందన్న కథలు మన ఇళ్లల్లోకి ఎక్కడి నుంచి వచ్చాయి? కిస్సాల పుస్తకాల నుంచి వచ్చాయి, వాటిని చెప్పటానికి మనకున్న ఇష్టం నుంచి వచ్చాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. తప్పు ఒప్పుకోవటం గొప్పగుణం అన్నామని, మన మీద మోపిన ప్రతి తప్పూ ఒప్పుకోమని కాదు. ఎక్కడో బాంబు పేలితే మన గల్లీలో కుర్రాళ్లను పోలీసులు పట్టుకుపోయిన రోజులు మనకు తెలుసు. అప్పుడు దేశభక్తి రుజువు చేసుకోమని అడిగినవాడు అడిగింది తౌబా కాదు, మట్టి తన పుట్టుకకు క్షమాపణ చెప్పాలని. ఆదమ్ తౌబా చేసింది తను చేసిన పనికి. మట్టి అయినందుకు ఏనాడూ చేయలేదు.

మా కుర్రాడితో ఇవన్నీ ఒక్కరోజులో మాట్లాడలేదు. నాలుగైదు ఆదివారాలు పట్టింది. చివరి పర్వం చదివిన రోజు ఇద్దరం బయటికొచ్చి నిలబడ్డాం. ఒకప్పుడు మాజీ సైనికుల కోసమని కేటాయించిన నేల, ఇరవై ఏళ్లకు పైగా మహానగరం చెత్తంతా మోస్తోంది. 2020లో ఇక్కడ చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు వచ్చింది, 19.8 మెగావాట్లు. పాత చెత్తకొండను మట్టితో కప్పి పైన గడ్డి పెంచారు. దూరం నుంచి చూస్తే తోటలా ఉంటుంది. కింద నుంచి నల్లనీళ్లు మల్కారం చెరువు వైపు ఊరినంతకాలం ఊరాయి.

"స్వర్గం గేటు దగ్గర నిప్పు కత్తి పెట్టాడు కదా సార్ మిల్టన్," అన్నాడు. "వాళ్లను బయటికి పంపాక కాపలా నిప్పుదే."

అవునన్నాను. ఆదమ్, హవ్వా చేతులు పట్టుకుని మెల్లగా నడిచిపోతారు, వెనక్కి చూస్తే గేటంతా మంట. ఏడుస్తారు, వెంటనే తుడుచుకుంటారు.

"నేను పరీక్షలో సైతాన్ హీరో కాదని రాస్తాను. కులం వాదం చేశాడని రాస్తాను. మార్కులొస్తాయా?"

పేపరు దిద్దేవాడు ఎవరో తెలియదు కాబట్టి చెప్పలేనన్నాను. అబ్దియేల్ గురించి కూడా ఒక పేరా రాయమన్నాను. రాశాడట. ఫలితాలు ఇంకా రాలేదు.